పెద్దపేగు పేరెత్తని సాహిత్యం

1

క్యాన్సర్ కథలు మనకు కొత్తగాదు. 1981లో ప్రేమాభిషేకం వచ్చినప్పుడు మా పేటల్లోంచి గూడా జనం నడిచిపోయి, నేల టిక్కెట్టులో కూచుని, కళ్లు వాచేట్టు ఏడ్చొచ్చారు. క్యాన్సరొచ్చిన నాయకుడు తాను ప్రేమించిన పిల్ల తనను మరిచిపోవాలని చెడ్డవాడిగా నటిస్తాడు. త్యాగం, పాట, చావు. ఆ ఏడుపు దొంగేడుపని మేమనడం లేదు. కానీ ఆ కన్నీళ్లకు ఒక షరతు వుంది. జబ్బు అందంగా వుండాల. వాసన రాగూడదు.

అంతకు పదేళ్ల ముందు, 1971లో, హిందీలో ఆనంద్ వచ్చింది. అందులో నాయకుడి జబ్బు పేగుకొచ్చిన లింఫోసార్కోమా. ఇది పెద్దపేగు క్యాన్సర్ గాదు, వేరే రకం. అయినా చోటు మాత్రం పేగే. ఆ పేరెంత దర్జాగా వుందోనని రోగే జోకేస్తాడు. సినిమా అయిపోయినా ఆ పేగు చేసే పని గురించి ఒక్క మాట వినపడదు. విరేచనం ఊసే లేదు. ఇంకో సంగతి గూడా చూడాల. సినిమా మొదట్లో డాక్టరు భాస్కర్ బీదవాడల్లో తిరుగుతాడు. మందు రాసివ్వగలను గానీ తిండి రాసివ్వలేనుగదా అని కుమిలిపోతాడు. కాసేపటికి ఆ బీదలంతా తెరదిగిపోతారు. మిగిలేది ఆనంద్. అతని మీద డాక్టరు పుస్తకం రాస్తాడు, బహుమతి పొందుతాడు. అసలు సినిమా మొదలయ్యేదే ఆ బహుమతి సభతో.

మా ప్రశ్న ఇక్కణ్ణుంచే మొదలవుతుంది. తెరదిగిపోయిన ఆ బీదవాళ్లకు పేగులో పుండు లేచినప్పుడు, వాళ్లకు కీమో ఎక్కించినప్పుడు, ఆ కథ ఎవరు రాస్తారు? రాస్తే ఏ మాటల్లో రాస్తారు? క్యాన్సర్ సాహిత్యాన్ని తూచడానికి ఇంతవరకూ వాడిన రాళ్లు ధైర్యం, త్యాగం, జీవనోత్సాహం. ఈ మూడు రాళ్లతో తూస్తే కూలిమనిషి కీమో బరువు తేలదు. రెండు ప్రశ్నలు చేర్చాల్సిందే: కడిగిందెవరు? ఆ చేతులు మళ్లీ పనికి పోయినయ్యా?

2

మేము ఈ మాటలు లైబ్రరీలో కూచుని కనుక్కోలేదు. మా చిన్నమ్మ పక్కన, కీమో కుర్చీల వరసలో కూచుని నేర్చుకున్నాం. చిన్నమ్మది గుంటూరు మిర్చి పని. తొడిమలు తీసే కూలి. ఆమెకు ఎన్నాళ్లనుంచి రక్తం పడుతోందో ఆమెకే తెలవదు. చీకటితో లేచి చెంబు పట్టుకొని కాలవగట్టుకు పోయే ఆడమనిషి తన రక్తం తాను ఎట్టా చూసుకుంటుంది? ఇంట్లో దొడ్డి కట్టించుకున్నాకే ఆమెకు రక్తం కనపడింది. రోగలక్షణాన్ని చూసుకోవడానికి గూడా ఒక గోడ, ఒక బల్బు కావాలన్నమాట. ఈ సంగతి మేము ఏ క్యాన్సర్ పుస్తకంలోనూ చదవలేదు.

ఆర్‌ఎంపీ మొలలన్నాడు. టౌన్లో మొలలు, భగందరం బాగుచేస్తామని బోర్డు పెట్టుకున్నాయన లేపనమిచ్చాడు. ఆయాసపడుతుంటే రక్తం తక్కువని టానిక్కు రాశారు. రక్తం ఎందుకు తక్కువైందో, ఎటు పోతోందో అడిగినవాళ్లు లేరు. చివరికి పేగు మూసుకుపోయి కడుపు కుండలా వుబ్బితే రాత్రికి రాత్రి ఆపరేషన్ చేశారు. గడ్డ తీసి, మలం బయటికి రావడానికి కడుపుమీద దారి పెట్టి, దానికి సంచి తగిలించారు. గడ్డ పక్కనున్న లింఫ్ గ్రంథులకు గూడా జబ్బు పాకింది, మూడో దశ, కీమో తప్పదన్నారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వుంది గనక ఆపరేషనూ కీమో మందూ మా నెత్తిన పడలేదు. అది చెప్పకపోవడం అన్యాయం. కానీ పోయిన కూలికి, బస్సు ఛార్జీలకు, నెలనెలా కొన్న సంచులకు ఏ కార్డూ అడ్డం రాలేదు.

వార్డులో పక్క మంచం బంధువొకాయన మా పేర్లూ ఊరూ అడిగి, ఏ పేటో కనుక్కొని, “పెద్దకూర తింటారుగా, అందుకే” అన్నాడు. ఈ మాటకు జవాబు చెప్పకుండా ముందుకు పోలేం. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ, నిలవుండేట్టు శుద్ధిచేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకమని తేల్చింది. రోజూ 50 గ్రాములు తింటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందంది. పశువు, పంది, మేక, గొర్రె మాంసాలను కలిపి ‘కారకం కావొచ్చు’ అనే వరసలో పెట్టింది. ఇది మేము దాచం. అయితే ఆ వరసలో మేకమాంసం గూడా వుందిగదా! మేక కూర తినే ఇంట్లో ఈ జబ్బొస్తే వంశపారంపర్యమంటారు, ఒత్తిడంటారు, విధి అంటారు. మా ఇంట్లో వస్తే తిండి అంటారు. ఆదివారం పూట దొరికితే వండుకున్న కూరకు, రోజూ తూకమేసుకొని తినే దేశాల లెక్క అంటగట్టడం వైద్యం గాదు, కులం. 2022లో ప్రపంచంలో పెద్దపేగు, మలాశయ క్యాన్సర్లు కొత్తగా 19 లక్షలమందికి పైగా వచ్చినయ్. 9 లక్షలమందికి పైగా చనిపోయారు. ఈ లక్షలమందీ మా పేట మనుషులు గాదు.

3

ఈ జబ్బుకు సిగ్గు ఎందుకు అంటుకుందో 1978లోనే సుసాన్ సాంటాగ్ గుర్తుపట్టింది. తనకు రొమ్ముక్యాన్సర్ వచ్చి వైద్యమయ్యాక ఆమె రాసిన ‘ఇల్‌నెస్ యాజ్ మెటఫర్’లో ఒక మంచి పరిశీలన వుంది. క్షయ ఊపిరితిత్తుల జబ్బు గనక, శ్వాసకు ప్రాణానికి దగ్గిర గనక, కవులు దాన్ని ఆత్మకు అంటగట్టి అందం చేశారు. క్యాన్సరేమో పెద్దపేగు, మలాశయం, గర్భాశయం వంటి చెప్పుకోవడానికి సిగ్గుపడే చోట్ల లేస్తుంది. అందుకే దాన్ని నోటితో అనడానికే భయపడ్డారంటుంది. జబ్బుకు కట్టిన అలంకారాలన్నీ పీకేసి జబ్బును జబ్బుగా చూడమంటుంది.

మేము ఆమెకు రుణపడి వున్నాం. అయినా ఒక పేచీ వుంది. మలమూ మైలా అనేవి ఆమె లోకంలో అలంకారాలు. వొలిచేస్తే పోతాయి. మా లోకంలో అవి అలంకారాలు గాదు, ఉద్యోగాలు. ఒక కులానికి పాకీపని రాసిపెట్టిన దేశం ఇది. దాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, చాలక 2013లో ఇంకో చట్టం చేసుకోవాల్సొచ్చిన దేశం. ఇక్కడ పెద్దపేగు క్యాన్సరొచ్చిన పెద్దకులపాయన తన మలాన్ని తన కడుపుమీదనే, చొక్కా కింద సంచిలో మోసుకు తిరగాల. అతని బాధను చూసి మేము సంతోషించం. పుండు ఎవరికైనా పుండే. కానీ అతను కుమిలిపోతూ ‘ఇంత నీచమైన బతుకా’ అన్నప్పుడు, ఆ నీచమనే మాట ఎవర్ని చూసి నేర్చుకున్నాడో అడగాల్సిన పని విమర్శకుడిది. సంచి మోయడం నీచం గాదు. నెత్తిన తట్ట మోయించడం నీచం.

నల్లజాతి కవయిత్రి ఆడ్రె లార్డ్ ఇంకో అడుగు ముందుకేసింది. 1980లో వచ్చిన ‘ది క్యాన్సర్ జర్నల్స్’లో, రొమ్ము తీసేశాక దొంగరొమ్ము పెట్టుకోనని ఎదురుతిరిగిన సంగతి రాసింది. అది పెట్టుకోకుండా డాక్టరు దగ్గరికి పోతే, మిగతా రోగుల మనసు చెడుతుందని అక్కడి నర్సు మందలించింది. దాచమనడం ఓదార్పు గాదు, ఎదుటివాళ్ల సుఖం కోసమని లార్డ్ పట్టుకుంది. మాకు ఈ పుస్తకం దగ్గిరది. చిన్నమ్మకు గూడా సంచి దాచుకోమని చెప్పినవాళ్లే ఎక్కువ. ఆమె దాచలేదు. ఒంటిగది ఇంట్లో ఎక్కడ దాస్తుంది? మనవరాళ్ల ముందే కడుక్కొని, “ఇది అమ్మమ్మ రెండో దొడ్డి” అని నవ్వేది. ఆ నవ్వుకు సాహిత్యంలో ఏం పేరు పెడతారో మాకు తెలవదు. ధైర్యమంటే చిన్నదయిపోతుంది.

4

ఇక కీమో. దీన్ని యుద్ధమని రాయడం అందరికీ అలవాటు. ఆ అలవాటు వూరికే రాలేదు. మొదటి కీమో మందు నైట్రోజన్ మస్టర్డ్ యుద్ధ విషవాయువు పరిశోధనల్లోంచే పుట్టింది. 1942లో అమెరికాలో మొదటిసారి రోగికెక్కించారు. 1971లో నిక్సన్ జాతీయ క్యాన్సర్ చట్టం మీద సంతకం పెడితే దాన్ని క్యాన్సర్ మీద యుద్ధమన్నారు. సరే. యుద్ధమైతే ఒక చిక్కుంది. చచ్చినవాడు సరిగ్గా పోరాడలేదని అర్థమొస్తుంది. కూలి పోతుందనో, తోడొచ్చేవాళ్లు లేరనో ఒక కీమో ఎగ్గొట్టిన మనిషి పారిపోయిన సైనికుడవుతాడు. యుద్ధం మాట వాడే రచయిత ఆ సైనికుడి కూలి ఎవరిస్తున్నారో రాయడు.

చిన్నమ్మకు రాసిన మందులు రెండు. మూడువారాలకొకసారి ఆక్సాలిప్లాటిన్ గ్లూకోజు సీసాలో కలిపి రెండుగంటలపాటు ఎక్కించేవాళ్లు. ఆ రోజునుంచి రెండువారాలు పూటకు కొన్ని చొప్పున కెపసిటబిన్ బిళ్లలు. ఒక వారం విరామం. ఇట్టా ఎనిమిది కీమోలు, ఆరునెలలు. బిళ్లగా మింగిన కెపసిటబిన్ వొంట్లోకి పోయాక 5-ఫ్లోరోయురాసిల్‌గా మారుతుంది. అది 1957నాటి మందు. క్యాన్సర్ కణం తన్ను తాను రెండు చేసుకునే పనిని అడ్డుకుంటుంది. అయితే వేగంగా పెరిగే మంచి కణాలకూ ఆ దెబ్బ తగుల్తుంది. నోటిపూత, విరేచనాలు, అరిచేతులు అరికాళ్లు ఎర్రబడి పొరలు లేవడం అందుకే. ఆక్సాలిప్లాటిన్ దెబ్బ నరాల మీద. ఎక్కించిన నాలుగైదు రోజులు చల్లనిది తాకితే వేళ్లలో సూదులు గుచ్చినట్టుంటుంది. చల్లనీళ్లు తాగితే గొంతు పట్టేస్తుంది. ఈ రెండు మందుల్నీ పుస్తకం వివరించినట్టు వివరిస్తే ఇంతే. ఇక అవి దిగిన చేతుల్ని చూద్దాం.

మొదటి కీమో అయినరోజు డాక్టరమ్మ చెప్పింది: “కుండనీళ్లు తాగొద్దు. స్టీలుగ్లాసు ముట్టుకోవద్దు.” చిన్నమ్మ మావైపు తిరిగి అన్నమాట ఇది: “చిన్నప్పుడు హోటలుకాడ వాళ్ల గ్లాసు ముట్టొద్దన్నారు. ఇప్పుడు నా గ్లాసు నన్నే ముట్టొద్దంటన్నారు గదరా అబ్బాయ్!” డాక్టరమ్మకు ఆ మాట అర్థంగాలేదు. ఆమె తప్పు గాదది. ఆమె చదివిన పుస్తకాల్లో రెండుగ్లాసుల పద్ధతి దుష్ఫలితాల పట్టికలో వుండదు. కానీ చల్లటి లోహం తాకగూడదనే వైద్యసలహా ఒక మనిషిలో ఏ జ్ఞాపకాన్ని లేపుతుందో రాయకపోతే ఆ కీమో కథ సగమే.

నాలుగో కీమోకు చేతులు పొరలు లేచినయ్. పొర లేచిన వేళ్లతో మిరపకాయ తొడిమ తీయడమంటే ఏంటో ఒకసారి అనుకోండి. అదీగాక మిర్చి నిలవుండేది కోల్డ్ స్టోరేజీలో. ఆ చలిగాలి తగిలే వాకిట్లో నిలబడలేదామె. డాక్టరమ్మ మోతాదు తగ్గించింది, ఒక కీమో వారంపాటు వెనక్కి జరిపింది. అది సరైన వైద్యమే. కానీ “చేతుల్ని జాగర్తగా చూసుకోండి, బరువుపని రాపిడిపని చేయొద్దు” అనే సలహా ఎవరికోసం రాసింది? చేతులతో బతకనివాళ్లకోసం రాసింది.

ఆ తర్వాత వేలిముద్రలు పోయినయ్. ఇది అతిశయోక్తి గాదు. 2009లోనే ఒక వైద్యపత్రికలో ఈ సంగతి వచ్చింది. ఇదే కెపసిటబిన్ వాడుతున్న సింగపూర్ మనిషి అమెరికాలో దిగితే, వేలిముద్రలు పడలేదని విమానాశ్రయంలో నాలుగుగంటలు ఆపేశారు. ఆ వార్త చదివినవాళ్లు వింత అనుకున్నారు. మా చిన్నమ్మ ఏ విమానాశ్రయానికీ పోలేదు. రేషన్ డీలరు మిషను దగ్గిరకు పోయింది. వేలు పెట్టింది, తుడిచి మళ్లీ పెట్టింది, పదివేళ్లూ పెట్టింది. పడలేదు. వేలు పడకపోతే కనుపాప వుంది, ఓటీపీ వుంది అంటారు. ఆరోజు అక్కడ ఏదీ పనిచేయలేదు. కార్డులో వున్న రెండో మనిషి ఆమె కొడుకు. హైదరాబాదులో తాపీపనిలో వున్నాడు. అతనొచ్చాక గానీ బియ్యం రాలేదు. సంతకం రాని మా తాతలు వేలిముద్రలేసి పొలాలు పోగొట్టుకున్నారు. వేలిముద్రగాళ్లని తిట్టించుకున్నారు. ఇప్పుడు ఆ వేలిముద్ర గూడా లేక వాళ్ల బిడ్డ బియ్యం పోగొట్టుకుంది. క్యాన్సర్‌తో ‘అస్తిత్వ సంక్షోభం’ వస్తుందని రాసే విమర్శకులకు మేము ఈ మిషనును చూపిస్తాం.

మందు ఆపాక కొన్నాళ్లకు గీతలు తిరిగొచ్చినయ్. అరికాళ్ల తిమ్మిరి మాత్రం ఇంకా వుంది. ఆక్సాలిప్లాటిన్ అట్టాగే చేస్తుంది. ఆపిన తర్వాత గూడా కొన్నినెలలు పెరుగుతుంది, కొందరికి ఏళ్లపాటు వుండిపోతుంది. చెప్పు జారిపోయినా చిన్నమ్మకు తెలవదు.

5

ఇంకొక మనిషి ఈ కథలో వుంది. ఏ క్యాన్సర్ కథలోనూ ఆమెకు పేరుండదు. కీమో ఎక్కినాక రెండురోజులపాటు రోగి మూత్రంలో, మలంలో, వాంతిలో ఆ మందు వుంటుంది. ముట్టుకునేవాళ్లు చేతులకు తొడుగులేసుకోవాలని, రెండుసార్లు నీళ్లు పోయాలని నియమం. మేము కూచున్న వార్డులో వాంతి గిన్నెలు తీసింది, దొడ్లు కడిగింది కాంట్రాక్టు ఆయాలు. వాళ్లలో మాకు తెల్సిన ఇంటిపేర్లే ఎక్కువ. తొడుగులు ఒకరోజుంటే ఒకరోజు లేవు. మాటల్లోపెట్టి అడిగితే, “కీమో మందు మాక్కూడా అంటుద్దా?” అని మమ్మల్నే తిరిగి అడిగింది ఒక ఆయా. ఆమెకెవరూ చెప్పలేదు.

నర్సుకు రాతపుస్తకం వుంది, డాక్టరుకు శిక్షణ వుంది, రోగికి సానుభూతి వుంది. ఆయాకు చీపురుంది. ఆనంద్‌లో లేని పేగును తెరమీదికి తెస్తే ఆ వెనకాలే ఆమె గూడా రావాల్సొస్తుంది. పేగును దాచడమంటే పేగును కడిగేవాళ్లను దాచడం. సౌందర్యదృష్టి అని పిలుచుకుంటున్నది చాలాసార్లు ఇదే.

6

ఇంతదాకా ఇతరుల్ని అన్నాం. ఇప్పుడు మా ఇల్లు చూసుకుందాం.

1995లో చిక్కనవుతున్న పాట, 1996లో పదునెక్కిన పాట వచ్చినప్పట్నుంచి దళితకవిత్వం శరీరాన్ని కాగితం మీదికి తెచ్చింది. డప్పు కొట్టే చెయ్యి వచ్చింది. చెప్పు కుట్టే చెయ్యి వచ్చింది. ఆకలి కడుపు వచ్చింది. పిడికిలి మరీ ఎక్కువగా వచ్చింది. మేము చదివినంతలో జబ్బుపడిన కడుపు మాత్రం రాలేదు. కడుపంటే ఆకలి అన్నాం, ఆపైన ఆలోచించలేదు. బలంగా వున్న శరీరమే పోరాడే శరీరమనుకున్నాం. పేగు పుండు వ్యక్తిగతం, ఉద్యమానికి సంబంధంలేదనుకున్నాం. మమ్మల్ని అంటరానివాళ్లను చేసినవాడి సిగ్గునే మేము మా పేగుకు తొడుక్కున్నామా?

నామ్‌దేవ్ ధసాల్‌ను తల్చుకోకుండా ఈ మాట పూర్తిగాదు. 1972లో మిత్రులతో కలిసి దళిత్ పాంథర్స్ పెట్టినవాడు, టాక్సీ నడిపినవాడు. గోల్‌పీఠాతో బొంబాయి మురికినీ చీమునూ మలాన్నీ మరాఠీ కవిత్వంలోకి ఎత్తిపోసినవాడు. మర్యాద కవిత్వం ముక్కు మూసుకుంది. ఆ ధసాల్ 2014 జనవరి 15న చనిపోయింది ఈ పెద్దపేగు, మలాశయ క్యాన్సర్‌తోనే. మేము చదివిన నివాళుల్లో ఆ జబ్బుకు దక్కింది ఒకే వాక్యం. తిరుగుబాటు కవి అన్నారు, పులి అన్నారు. మేమూ అదే అన్నాం. పేగుల్ని కవిత్వంలోకి తెచ్చిన కవి పేగు జబ్బుతో పోతే, దాని గురించి మాట్లాడటం మాకు గూడా మర్యాదగా అనిపించలేదు! ఆయన నేర్పిన పాఠం ఆయన చావుదగ్గిరే మరిచిపోయాం.

ఇట్టాంటి మౌనం మా ఒక్కరిదే గాదు. బ్లాక్ పాంథర్ సినిమా నటుడు చాడ్విక్ బోస్‌మన్‌కు 2016లో మూడోదశ పెద్దపేగు క్యాన్సరని తేలింది. ఆపరేషన్లకూ కీమోలకూ మధ్యనే నటించాడు. 2020 ఆగస్టు 28న, 43 ఏళ్లకు చనిపోయాకే లోకానికి తెల్సింది. చెప్పకపోవడం అతని హక్కు. కానీ అమెరికాలో నల్లవాళ్లకు ఈ జబ్బు మిగతావాళ్లకంటే సుమారు 20 శాతం ఎక్కువ, చావులు సుమారు 40 శాతం ఎక్కువ. అతని చావు తర్వాత అక్కడ ఈ మాట బహిరంగమైంది. మన దగ్గిర కులంవారీగా ఈ లెక్క అడిగేవాళ్లెవరు? అడగాల్సింది పరిశోధకులం మేమేగదా.

అందుకని మేము చెప్పేది ఇది. క్యాన్సర్ రచన ఏది వచ్చినా ఇకనుంచి ఈ ప్రశ్నలతో చదువుదాం: ఇందులో జబ్బుకు వాసనుందా? రోగికి కూలి వుందా? గిన్నె తీసిన మనిషికి పేరుందా? లేకపోతే అది ఎంత ఏడిపించినా సగం రచనే. మనవాళ్లు రాయాల. రాయలేనివాళ్లు చెబితే వాళ్ల మాటల్లోనే, సరిదిద్దకుండా, ఈ పేజీల్లో వేద్దాం. అంతకంటే ముందు పేటల్లో చెప్పాల్సిన మాట ఇంకోటుంది. మలంలో రక్తం కనపడితే, కారణం తెలవకుండా రక్తం తగ్గిపోతుంటే, మొలలనో టానిక్కనో సరిపెట్టుకోవద్దు. పెద్దపేగు పరీక్ష చేయించమని పట్టుబట్టి అడగండి. సిగ్గుపడాల్సింది మనంగాదు.

చిన్నమ్మ సంచి తీసేశారు. పేగు మళ్లీ కలిపారు. మిరపకాయల కాలమొచ్చింది. పనికి పోతానంటోంది, అరికాళ్లు మాత్రం ఒప్పుకోవడం లేదు. ఈ వ్యాసం చదివి వినిపిస్తే అంతా విని, “ఆ గిన్నెలు తీసినమ్మాయి పేరు రాయలేదేంరా?” అంది. మేము ఆ పేరు అడగలేదు.